బస్తా వేసుకుని వచ్చే ఆమెకి ఏమివ్వాలి?

పోయిన నెల ఇంట్లో తడి చెత్తతో ఎరువు చేసుకోవడం గురించి రాశాను కదా, దానికి చాలా ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చాయి, తీరా చూస్తే సగానికి పైగా ఎరువు గురించి కాదు, చెత్త ఏరుకునే మనుషుల గురించి. నాకు చాలా సంతోషం వేసింది. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాళ్ళకే.

అక్కా, మాది మల్కాజిగిరి. మా వీధిలోకి పొద్దున ఆరింటికే ఒకామె బస్తా వేసుకుని వస్తుంది, మేం పడేసిన వాటిల్లోంచి సీసాలు, అట్టలు ఏరుకుని పోతుంది. మొన్న కాలనీ మీటింగులో ఇలాంటి వాళ్ళని లోపలికి రానివ్వద్దు, సామాన్లు పోతున్నాయి అని తీర్మానం చేశారు. నాకు మనసొప్పలేదు కానీ ఏం మాట్లాడాలో తెలీక ఊరుకున్నా. ఇప్పుడు ఏం చెయ్యమంటారు?

చెల్లీ, ఊరుకున్నందుకు బాధపడకు, వచ్చే మీటింగులో మాట్లాడు. మొదట అడగాల్సింది ఒక్కటే, పోయిన సామాను ఆమే తీసిందని ఎవరైనా చూశారా అని. చూడకపోతే ఆమె చేతిలో బస్తా ఉండటమే ఆమె చేసిన తప్పన్నమాట. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం, ఎందుకంటే ఆ బస్తాలో ఏముంటుందో నేను దగ్గరగా చూశా.

హైదరాబాద్ భోలక్‌పూర్ సందుల్లో ఒక స్క్రాప్ దుకాణం ముందు ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నా. ఒక పెద్దావిడ వచ్చి బస్తా నేల మీద బోర్లించింది, నీళ్ళ సీసాలు, పాల కవర్లు, రెండు తగరపు డబ్బాలు, ఒక విరిగిన బకెట్టు, తడిసిన అట్టపెట్టెలు. కూర్చుని ఒక్కో సీసా తీసి మూత తిప్పి ఒక పక్కన వేస్తోంది, సీసా మెడకి అంటుకుని ఉండే ఆ ప్లాస్టిక్ రింగుని చిన్న కత్తితో కోసి తీస్తోంది, లేబుల్ పీకి పడేసి సీసాని కాలితో తొక్కి చదును చేసి ఇంకో పక్కన వేస్తోంది, మూతది ఒక రకం ప్లాస్టిక్ సీసాది ఇంకో రకం కాబట్టి కలిపి ఇస్తే రేటు తగ్గిస్తారు. ఇదంతా అయ్యేసరికి గంట దాటింది. తర్వాత కాటా. దుకాణం అతను అట్టల్ని బొటనవేలితో నొక్కి చూసి తడి ఉందని రెండు కిలోలు తగ్గించి రాసుకున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఎందుకమ్మా అడగలేదు అంటే, కూతురికి జ్వరమొస్తే ఈయన దగ్గరే డబ్బు తీసుకున్నానమ్మా, అది తీరేదాకా సరుకు ఇంకెక్కడా వెయ్యలేను, అంది. ఈ వ్యాపారంలో ఇది మామూలే, అడ్వాన్సు తీసుకున్న చోటే సరుకు వెయ్యాలి, రేటు ఆయన చెప్పిందే రేటు.

ఆ రెండు కిలోలు ఎలా తడిశాయంటావ్? ఎవరి ఇంట్లోనో ఆ అట్టపెట్టె మీద సాంబారు పోశారు, అంతే. అందుకే నువ్వు ఆమెకి చెయ్యగలిగిన పెద్ద సాయం అట్టలు, సీసాలు, కవర్లు తడవకుండా ఒక సంచిలో వేసి ఉంచి పొద్దున్నే ఆమె చేతికే ఇవ్వడం. కుప్పలో వేసి ఏరుకోమనడం వేరు, చేతికి ఇవ్వడం వేరు. చేతికిస్తే సరుకు పొడిగా ఉంటుంది, రేటు పూర్తిగా వస్తుంది, పగిలిన గాజు ముక్కలు కోసుకోవు, ఇంట్లోంచి ఎవరో తనని చూసి మాట్లాడారన్న సంగతీ ఉంటుంది.

ఇక కాలనీ వాళ్ళకి చెప్పాల్సింది. పుణెలో 1993లో చెత్త ఏరే ఆడవాళ్ళు యూనియన్ పెట్టుకున్నారు, కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అని, అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్ళకీ సరిగ్గా ఇదే సమస్య, దొంగలంటూ అనుమానాలు, పోలీసులు ఆపడాలు. వాళ్ళు పోరాడి సాధించుకున్న మొదటి వాటిల్లో మున్సిపల్ కార్పొరేషన్ ఆమోదంతో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఒకటి. 2008లో వాళ్ళే స్వచ్ అని సహకార సంఘం పెట్టుకుని కార్పొరేషన్‌తో ఒప్పందం రాసుకున్నారు, ఇంటింటికీ వాళ్ళే వెళ్ళి చెత్త తీసుకుంటారు, ఇళ్ళ వాళ్ళు నెల నెలా డబ్బులిస్తారు, పొడి సరుకు అమ్ముకున్న డబ్బు కూడా వాళ్ళదే. ఇప్పుడు అందులో మూడు వేల మందికి పైగా ఉన్నారు. మీ కాలనీ ఇదంతా చెయ్యక్కర్లేదు, ఆమె పేరు అడగండి, ఫోటో తీసుకుని వాచ్‌మన్ దగ్గర పెట్టండి, ఫలానా టైముకి వస్తుంది అని అందరికీ చెప్పండి. మీ అపార్ట్‌మెంట్‌కి పాలవాడు, పేపరబ్బాయి ఎలాగో ఆమె కూడా అలాగే. ఇంకోటి, 2016లోనే కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాల్లో చెత్త ఏరుకునేవాళ్ళని గుర్తించి ఈ పనిలో కలుపుకోవాలని మున్సిపాలిటీలకి స్పష్టంగా రాశారు, అది మీ ప్రెసిడెంట్ గారికి మర్యాదగా గుర్తు చెయ్యి.

మేడమ్, నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా. రెండు డబ్బాలు పెట్టి తడి పొడి వేరు చేస్తున్నాం, కానీ ఆటో వచ్చాక అన్నీ ఒకదాంట్లోనే గుమ్మరిస్తున్నాడు. అలాంటప్పుడు మేం ఎందుకు కష్టపడాలి?

ఈ ప్రశ్న నాకు వచ్చినన్నిసార్లు ఇంకేదీ రాలేదు. మీ విసుగు న్యాయమైనదే. కానీ ఈసారి ఆటో వచ్చినప్పుడు ఒక్క నిమిషం నిలబడి చూడండి, దాని పక్కల నాలుగైదు బస్తాలు వేలాడుతుంటాయి. ఒకదాంట్లో అట్టలు, ఇంకోదాంట్లో సీసాలు, ఇంకోదాంట్లో గాజు. డ్రైవరూ, ఎక్కువగా అతని భార్యో తమ్ముడో, మీ డబ్బా గుమ్మరించిన క్షణంలోనే చేతులు పెట్టి ఏరేస్తారు. హైదరాబాద్‌లో 2015 నవంబర్‌లో స్వచ్ఛ ఆటోలు మొదలుపెట్టినప్పుడు వాటిని బ్యాంకు లోను మీద డ్రైవర్లకే ఇచ్చారు, ఇళ్ళ దగ్గర వచ్చే నెలవారీ డబ్బులు, మొదట్లో ఇంటికి 50 రూపాయలు అనేవారు, వాటితో పాటు పొడి సరుకు అమ్ముకున్నదీ కలిపి అతను డీజిల్ పోయించుకోవాలి, కిస్తీ కట్టాలి, ఇల్లు గడుపుకోవాలి. అంతకుముందు రిక్షా తొక్కుకుంటూ ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తినవాళ్ళు వీళ్ళల్లో చాలామంది.

కాబట్టి మీరు వేరు చేసింది వృథా పోవట్లేదు. మీ పొడి చెత్త విడిగా ఉంటే వాళ్ళు రెండు సెకన్లలో బస్తాలో వేసుకుంటారు, కలిపేస్తే అన్నంలో, డైపర్లలో చెయ్యి పెట్టి వెతకాలి, లేదా వదిలేస్తారు, వదిలేసింది ఆటోల చెత్తంతా పోగేసే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి, అక్కడి నుంచి పెద్ద లారీలో జవహర్‌నగర్ డంప్ యార్డుకి. మీరు చెయ్యాల్సింది ఏంటంటే డబ్బా ఇచ్చి లోపలికి వెళ్ళిపోకుండా పొడిది విడిగా సంచిలో కట్టి "అన్నా ఇది పొడిది, నీ బస్తాలో వేసుకో" అని చెప్పడం. ఆటోలో రెండు అరలు ఉండి కూడా కలిపేస్తుంటే అప్పుడు అడగండి, గట్టిగానే అడగండి, కానీ అడగాల్సింది అతన్ని కాదు, వార్డు ఆఫీసులో. అతను ఎక్కడ ఖాళీ చెయ్యాలో అక్కడ రెండిటికీ వేరే చోటు లేకపోతే అతనేం చేస్తాడు?

శానిటరీ ప్యాడ్లు, డైపర్లు మాత్రం పేపర్లో చుట్టి పైన ఎర్ర ఇంకుతో చుక్క పెట్టి విడిగా ఇవ్వండి. పుణెలో ఆ పని చేసే ఆడవాళ్ళే అడిగి అలవాటు చేయించారు ఆ ఎర్ర చుక్కని, విప్పి చూసే పని లేకుండా. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు ఉంటే ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి ఇవ్వండి, సూది గుచ్చుకుంటే అది హెపటైటిస్ దాకా పోవచ్చు.

అక్కా నేను గుంటూరులో బీఎస్సీ చదువుతున్నా. ఏ ప్లాస్టిక్ అమ్ముడవుతుంది, ఏది అవ్వదు? చదువు లేని వాళ్ళు చూసి ఎలా చెప్పేస్తారు?

మంచి ప్రశ్న, నీ ల్యాబ్‌లో చెయ్యాల్సిన పరీక్షలు వాళ్ళు రోడ్డు మీద చేస్తారు. చేత్తో నలిపితే వచ్చే చప్పుడుతో చెప్తారు, కరకరమంటే ఒకటి, మెత్తగా ఉంటే ఇంకోటి. అనుమానం వస్తే చిన్న ముక్క అంటించి వాసన చూస్తారు, మైనం వాసన వస్తే పాలిథీన్, ముక్కు మండిపోయేలా ఘాటుగా వస్తే పీవీసీ. ఈ అంటించి చూడటం మాత్రం వాళ్ళ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, నువ్వు ఎప్పుడూ చెయ్యకు. గోడౌన్లలో ఇంకో పద్ధతి, ముక్కలు చేసి నీళ్ళ తొట్టిలో వేస్తారు, సీసా ముక్కలు, అంటే పెట్, మునిగిపోతుంది, మూతలవి పైకి తేలతాయి. అడుగున నంబరు ఉంటుంది కదా త్రికోణంలో, 1 అంటే పెట్, 2 షాంపూ డబ్బాల లాంటి గట్టిది, 5 టిఫిన్ డబ్బాలవి, ఈ మూడింటికీ గిరాకీ ఉంటుంది. పాల కవర్లు కూడా తీసుకుంటారు, కడిగి ఆరబెట్టినవైతే.

ఎవరూ తీసుకోనిది చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, బిస్కెట్ల రేపర్లు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు పొరలుగా అతికించి ఉంటాయి, విడదీయడం కుదరదు, పైగా ఒక కిలో కావాలంటే ఎన్ని వందల సాచెట్లు ఏరాలో ఆలోచించు. దీన్ని తయారుచేసిన కంపెనీలే వెనక్కి తీసుకునే బాధ్యత మొయ్యాలని 2016 ప్లాస్టిక్ నియమాల్లో ఉంది, 2022లో దానికి లెక్కలూ టార్గెట్లూ పెట్టారు. ఆ లెక్కలు ఎక్కువగా ఫ్యాక్టరీల మధ్య సర్టిఫికెట్లుగానే తిరుగుతాయి, వీధిలో ఏరే మనిషికి ఒక్క రూపాయి చేరిందా అన్నది నేను ప్రతిసారీ అడిగే ప్రశ్న.

సరుకు దారి కూడా చెప్తా. ఏరినవాళ్ళ దగ్గర్నుంచి చిన్న కొట్టుకి, అక్కడి నుంచి పెద్ద గోడౌన్‌కి, అక్కడి నుంచి కాటేదాన్ లాంటి చోట్ల ఉన్న యూనిట్లకి, అక్కడ కడిగి ముక్కలు చేసి కరిగించి గుళికలు చేస్తారు, వాళ్ళ భాషలో దానా. ఆ దానా బకెట్టవుతుంది, కుర్చీ అవుతుంది, పైపు అవుతుంది. పెట్ సీసా అయితే దారం అయ్యి బట్టలోకి పోతుంది. క్రూడాయిల్ ధర పడిపోతే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, అప్పుడు పాతదానికి గిరాకీ పోతుంది, ఆ వారమే భోలక్‌పూర్‌లో రేటు తగ్గించేస్తారు. ఎక్కడో చమురు ధర తగ్గితే ఇక్కడ ఆ పెద్దావిడ కూలి తగ్గుతుంది, ఆమెకి ఎందుకు తగ్గిందో చెప్పేవాళ్ళు ఉండరు.

నా వయసు 71, మాది సూర్యాపేట. ఒకప్పుడు మా ఊరు చెత్తకుండీలు లేని ఊరని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. అది రాయండమ్మా.

తప్పకుండా బాబాయ్ గారూ. 2003 ప్రాంతంలో పెద్ద డబ్బూ పెద్ద మిషన్లూ లేకుండా సూర్యాపేట మున్సిపాలిటీ ఇంటింటికీ ట్రాక్టర్లు పంపి తడీ పొడీ వేరుగా తీసుకుని, తడిది వానపాముల ఎరువు చేసి, పొడిది అమ్మి చూపించింది. వరంగల్‌లో 2012 అక్టోబర్‌లో వారం పాటు నగరమంతా పోటీ పెట్టి ఇదే అలవాటు చేశారు. మన తెలుగు ఊళ్ళల్లోనే జరిగింది, వేరే దేశం పోయి నేర్చుకోవాల్సిన పని లేదు. అధికారి మారగానే ఎందుకు సన్నగిల్లుతుందో మీలాంటి పెద్దవాళ్ళకే బాగా తెలుసు, మీరు చూసింది వివరంగా రాసి పంపితే వచ్చే నెల వేస్తా.

జవహర్‌నగర్‌లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు వచ్చింది కదా, ఇంకా చేత్తో ఏరడం ఎందుకు, అది మాన్పించడమే వాళ్ళకి మంచిది కదా? - ఒక రిటైర్డ్ ఇంజినీరు, ఈసీఐఎల్

సార్, మీరు వాళ్ళ మంచి కోరే అడిగారని అర్థమైంది. కానీ దీంట్లో రెండు విషయాలున్నాయి. హైదరాబాద్ రోజుకి 7,000 టన్నులకు పైగా చెత్త వేస్తుంది, 2020లో మొదలైనప్పుడు ఆ ప్లాంటు 19.8 మెగావాట్లది. మన చెత్తలో దాదాపు సగం తడిది, అన్నం, కూరగాయ తొక్కలు, తడిది మండదు, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ సాయంతో పెట్టిన ప్లాంటు సరిగ్గా మూడు వారాలు నడిచి ఆగిపోయింది, మన చెత్తకి అంత వేడి లేక. అంటే మండాలంటే అందులో ఏం ఉండాలి? అట్టలు, కాగితం, ప్లాస్టిక్. అవి సరిగ్గా ఆ బస్తాలోకి వెళ్ళేవి. ఢిల్లీ ఓఖ్లాలో 2012లో ప్లాంటు మొదలైనప్పుడు చుట్టుపక్కల వాళ్ళు పొగ గురించి ఎదురు తిరిగితే చెత్త ఏరుకునేవాళ్ళు తమ సరుకు పోతోందని ఎదురు తిరిగారు. ఇప్పుడు గుంటూరు దగ్గరా, విశాఖ కాపులుప్పాడలోనూ ఇలాంటివి నడుస్తున్నాయి కాబట్టి ఈ ప్రశ్న మన అందరిదీ.

నేను ప్లాంట్లకి వ్యతిరేకిని కాను, ఏ దారీ లేని చెత్త కాల్చాల్సి రావచ్చు. కానీ వరస ముఖ్యం, ముందు ఏరే చేతులకి, మిగిలింది ప్లాంటుకి. డంప్ యార్డులో కుప్ప మీద నిలబడి పొగలో ఏరడం మాన్పించాలి, అందులో మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తా, తడి చెత్త అడుగున కుళ్ళి మీథేన్ అనే మండే గ్యాసు పుడుతుంది, అందుకే ఆ కుప్పలు ఎండాకాలం అంటుకుంటాయి. మాన్పించడం అంటే గేటు వేసెయ్యడం కాదు కదా, అదే మనిషికి షెడ్డు కింద బల్ల ముందు నిలబడి వేరు చేసే పని ఇవ్వడం. బెంగళూరులో హసిరు దళ అనే సంస్థతో కలిసి చెత్త ఏరుకునేవాళ్ళే వార్డుల్లో పొడి చెత్త కేంద్రాలు నడుపుతున్నారు. మీ ఈసీఐఎల్ చుట్టుపక్కల అలాంటి షెడ్డు ఒక్కటైనా పెట్టించగలమా అని మీరు మీ అసోసియేషన్‌లో అడగండి, ఇంజినీర్లు అడిగితే వింటారు.

అక్కా, పేరు వెయ్యొద్దు. మాది నిజామాబాద్, పాలిటెక్నిక్ చదువుతున్నా. మా అమ్మ చెత్త ఏరుతది. ఫ్రెండ్స్‌కి అమ్మ హాస్పిటల్‌లో పని చేస్తదని చెప్పిన. చెల్లె ఎనిమిదో తరగతి. అమ్మకి ఏమన్నా కార్డు గిట్ల వస్తదా?

నాన్నా, నీ ఉత్తరం మూడుసార్లు చదివా. ఫ్రెండ్స్‌కి నువ్వు ఏం చెప్పాలో నేను చెప్పను, అది నీకు ఇష్టమైనప్పుడు నువ్వు చెప్పుకునే మాట, ఆ అబద్ధానికి నిన్ను నువ్వు తిట్టుకోకు. కార్డుల సంగతి చెప్తా, రాసుకో.

ఒకటి ఇ-శ్రమ్, 2021లో మొదలైంది, అసంఘటిత కార్మికులకి, 16 నుంచి 59 ఏళ్ళ లోపు ఉండాలి, ఆధార్, బ్యాంకు ఖాతా తీసుకుని మీసేవకి వెళ్ళు, లేదా నువ్వే ఫోన్లో చెయ్యగలవు, డబ్బులు కట్టక్కర్లేదు. పని ఏంటి అని అడిగిన చోట ఆమె చేసే పనే రాయి, కూలి అని రాయొద్దు. రెండోది నమస్తే పథకం, మొదట డ్రైనేజీ కార్మికుల కోసం వచ్చింది, 2024లో చెత్త ఏరేవాళ్ళని కూడా చేర్చారు, మున్సిపాలిటీ వాళ్ళు పేర్లు రాసుకుని గుర్తింపు, రక్షణ సామాన్లు, ఆరోగ్య బీమా ఇవ్వాలి. మున్సిపల్ ఆఫీసులో శానిటేషన్ విభాగంలో అడుగు, మాకు తెలీదు అంటే కాగితం మీద రాసిచ్చి ముద్ర వేయించుకో. ఒక్క అమ్మ పేరుతో కాకుండా అమ్మతో పాటు పోయే పది మంది పేర్లతో వెళ్తే తిప్పి పంపడం కష్టం.

మూడోది చెల్లి కోసం. శుభ్రం చేసే పనులు, ఆరోగ్యానికి ప్రమాదం ఉన్న పనులు చేసేవాళ్ళ పిల్లలకి ఒకటి నుంచి పదో తరగతి దాకా కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, అందులో చెత్త ఏరేవాళ్ళ పిల్లలూ వస్తారు, ఏ కులమైనా సరే. అమ్మ ఈ పని చేస్తుందని ధృవీకరణ కాగితం అడుగుతారు, నమస్తే కోసం వెళ్ళిన రోజే అది కూడా అడిగి తీసుకో. చెల్లి స్కూల్లో హెడ్మాస్టర్ గారిని కలువు. ఏదైనా చోట ఆగిపోతే మళ్ళీ నాకు రాయి, పేరు వెయ్యను.

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం కలిసి చెత్త ఏరేవాళ్ళకి గ్లౌజులు, మాస్కులు కొనిద్దామనుకుంటున్నాం. ఏ రకం కొనాలి? - విజయవాడ

కొనేముందు వాళ్ళనే అడగండమ్మా. పల్చటి రబ్బరు గ్లౌజులు ఇస్తే చెమటకి చెయ్యి జారుతుంది, సరుకు తెలీదు, వారంలో చిరిగిపోతాయి, అందుకే వాడరు, వాడలేదని మనం నొచ్చుకుంటాం. నేను అడిగిన చాలామంది కావాలన్నది గట్టి అడుగు ఉన్న చెప్పులు లేదా బూట్లు, ఎందుకంటే మేకులూ గాజూ ముందు కాలికే దిగుతాయి. కొనిచ్చేటప్పుడు కాలి సైజు అడిగి తీసుకోండి. టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారా అని అడిగి, లేకపోతే దగ్గర్లో అర్బన్ హెల్త్ సెంటర్‌కి తోడు వెళ్ళండి, ఒంటరిగా వెళ్తే బట్టలు చూసి పక్కన నిలబెడతారు.

ఇవన్నీ కొనడానికి టైము పడుతుంది కాబట్టి రేపు పొద్దున్నుంచే ఒకటి చెయ్యండి. మీ గేటు పక్కన కుళాయి ఉంటే దాని మీద సబ్బు పెట్టి, ఇక్కడ చేతులు కడుక్కోవచ్చు, తాగడానికి నీళ్ళు పట్టుకోవచ్చు అని వాచ్‌మన్‌కి చెప్పండి. పొద్దున నాలుగింటికి ఇంట్లోంచి బయల్దేరి పదింటికి అదే చేత్తో టిఫిన్ తినాలి వాళ్ళు.